కట్టమ్మ పద్నాలుగు రాత్రులు

నేను అబద్ధమాడే మనిషిని కాదని ముప్పై నాలుగేళ్లు గట్టిగా నమ్మాను. నా నోరు దురుసని మా హసన్‌పర్తిలో అందరికీ తెలుసు. దురుసుగా మాట్లాడేవాళ్లు ఉన్నదున్నట్టే చెబుతారని నాకొక ధీమా. కొత్తవాడలో జంపఖానాలు నేసే కట్టమ్మ దగ్గర ఆ ధీమా కాస్తా పోయింది. ఆమె గురించి రాయాలంటే నేను చేసిన పని గురించి కూడా రాయక తప్పదు.

నేను పనిచేసేది హన్మకొండలో ఒక చిన్న ల్యాబులో. చేతికి పెట్టుకునే స్మార్ట్ బ్యాండ్లు బజారులోకి రాకముందు వాటిని పరీక్షించడం మా పని. మనిషిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పక్కన నిలబడి అడుగులు లెక్కపెట్టి, బ్యాండు ఎన్ని చెప్పిందో చూస్తాం. నిద్రకైతే పొద్దున్నే ఇంటికి వెళ్లి ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపు మేలుకున్నారు అని అడిగి ఫారంలో రాసుకుంటాం. మనిషి మాటకూ బ్యాండు లెక్కకూ ఎంత దగ్గరైతే బ్యాండుకు అంత మంచి పేరు. కాలేజీ పిల్లల మీద ఆ బ్యాండు బ్రహ్మాండంగా పాసైంది. కూర్చుని చేతులతో పనిచేసేవాళ్ల మీద కూడా చూడమని కంపెనీ వాళ్లు అడిగితే, పన్నెండు మంది నేతపనివాళ్ల కోసం నన్ను కొత్తవాడకు పంపారు.

కట్టమ్మకు అరవై మూడేళ్లు. పదహారో ఏట వర్ధన్నపేట నుంచి కోడలిగా వచ్చి, వచ్చిన నెలకే మగ్గం ముందు కూర్చుంది. మళ్లీ లేచింది కాన్పులకూ, నాలుగేళ్ల కింద మొగుడు పోయినప్పుడూ మాత్రమేనని ఆమే అనేది. కాగితం మీద గీత లేకుండా, పడుగు దారాలు వేళ్లతో ఎంచుకుంటూ జంపఖానా మీద నెమలిని దింపేది. కొడుకు శ్రీనివాస్ పక్క మగ్గం మీద నేస్తాడు. కోడలు భవాని కండెలు చుడుతుంది. ఇంటికి పోయిన వాళ్లెవరైనా చాయ తాగకుండా గడప దాటితే కట్టమ్మ ఊరుకునేది కాదు. నా దురుసు ఆమె ముందు ఎందుకూ పనికొచ్చేది కాదు. నేను ఒకటంటే ఆమె రెండనేది.

మొదటి రోజు బ్యాండు కట్టి, సాయంత్రం చూస్తే నాలుగు వేల అడుగులు. పేక దారం తోయడం, ఇనప పళ్ల పంజాతో దాన్ని దిగ్గొట్టడం, చేతులకు ఊపిరాడదు. బ్యాండు దాన్నంతా నడక అనుకుంది.

"పొద్దటిసంది లేవనే లేదు గదనే బిడ్డా! కూసున్న కాడనే వర్ధన్నపేట పోయొచ్చిననా?" అని కట్టమ్మ ఒకటే నవ్వు.

ఆ తప్పును నేను వివరంగా రాసి పంపాను. మా ల్యాబు చూసే సందీప్ సార్ నలుగురి ముందు మెచ్చుకున్నారు. నా కళ్లతో చూసిన తప్పు కాబట్టి రాయడం తేలికైంది.

నవ్వు ఆగాక కట్టమ్మ అడిగింది. "ఇది నిద్ర సంగతి సుత చెప్తదా?"

"చెప్తది అవ్వా."

"అయితే ఉంచు. మావోళ్లకు నా మాట పట్టదు. దీని మాటన్న పడ్తది."

రెండేళ్లుగా ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఎప్పుడో తెల్లవారుజామున ఒక గంట, గంటన్నర కళ్లు మూతపడేవి. పగలు మగ్గం మీద కునుకు తీసేది. అంచులు వంకర పోయేవి. ఒక నెమలికి రెండు మెడలు వచ్చాయని షాపువాళ్లు జంపఖానా వెనక్కి పంపారు. "పగలు పంటే రాత్రి నిద్దరెట్ల పడ్తది?" అని ఇంట్లో వాళ్ల మాట. శ్రీనివాస్ చెడ్డవాడేం కాదు. నా ముందే తల్లికి మాటిచ్చాడు. "గీ గడియారంల నిద్ర లేదని రానియ్యి అమ్మా, పెద్ద దవాఖానకు నేనే తీస్కపోత, ఒట్టు."

కట్టమ్మ ఆ ఒట్టు కోసం బ్యాండు పెట్టుకుంది. పద్నాలుగు రాత్రులు, స్నానానికి తప్ప తీయలేదు.

రోజూ పొద్దున వెళ్లేదాన్ని. ఆమె చెప్పేది రాసుకునేదాన్ని. "రాత్రి నిద్ర పట్టిందా అవ్వా?" "యాడిది బిడ్డా. కోళ్లు కూసిందాక ఇనుకుంటనే ఉన్న." ఫారంలో గంటన్నర అని రాసేదాన్ని. బ్యాండు మాత్రం ఏడున్నర గంటలని చూపించేది. అయిదో రోజు కాగితాలు సందీప్ సార్‌కు చూపించాను. రెండు గంటల కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ మనిషిని ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకు వైర్లు పెట్టి చూడాలి. అదీ నిబంధన. సార్ కాగితాలు తిరగేసి, "నువ్వు సరిగ్గా అడిగావా?" అన్నారు.

ఆ ఒక్క మాట నాకు కారం రాసినట్టయింది. తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు అడగడం రాదా? మరునాడు మళ్లీ అడిగాను, ఇంకా గట్టిగా అడిగాను. ఆమె మళ్లీ అదే చెప్పింది. అప్పుడు నాకు మా నానమ్మ గుర్తుకొచ్చింది. ఇల్లంతా అదిరేటట్టు గురక పెట్టి, పొద్దున లేచి కన్ను మూయలేదనేది. ముసలివాళ్లందరూ ఇంతే అనుకున్నాను. యంత్రానికి అబద్ధమాడే అవసరమేముంది, ఈవిడకే తెలియడం లేదు అనుకున్నాను. ఆ రోజు ఫారంలో ఏడు గంటలని రాశాను. పాత అయిదు రోజుల కాగితాలు కూడా తిరగరాశాను. ఆ తర్వాత ఇక ఆమె మాట పూర్తిగా వినడం కూడా మానేశాను.

ఆమెకు చదువు రాదు. ప్రతి కాగితం కిందా వేలిముద్ర వేయాలి. తిరగరాసిన వాటితో కలిపి పద్నాలుగు కాగితాల మీదా నేను చూపించిన చోటల్లా వేసింది. ఇంకు తడి ఆరేవరకు ఊదేది కూడా. ఆమె నిద్ర లేదంటుంటే, నిద్రపోయిందని రాసి, దాని మీద ఆమె చేతనే ముద్ర వేయించుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నెల తర్వాత, బ్యాండు పెట్టుకున్న వాళ్లందరికీ తలా ఒక ఫలితాల కాగితం ఇవ్వడానికి వెళ్లాను. తల్లి కాగితాన్ని శ్రీనివాస్ పైకి చదివాడు. సగటు నిద్ర ఏడు గంటల ఇరవై నిమిషాలు, నిద్ర బాగుంది.

"ఇగో సూడు అమ్మా, నాకంటె ఎక్కువ పంటానవ్!" అని నవ్వాడు. మనవలూ నవ్వారు. కట్టమ్మ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మడిచి కొంగున ముడేసుకుంది. 

భవాని నవ్వుతూ అంది. "అత్తమ్మ నిద్ర పోతే బొమ్మే అక్కా. రాత్రంత అటు ఇటు మెసలనే మెసలదు."

"ఎందుకు మెసలవు అవ్వా?" అని అడిగాను.

"ఒక్కటే అర్ర, ఆరుగురం. నేను మెసిలితె పిల్లలు లేస్తరు, ఈమె లేస్తది. పొద్దంత కండెలు చుట్టే పిల్ల, జర పండనియ్యాలె గద."

 చెయ్యి కదలకపోతే బ్యాండు దాన్ని నిద్ర కింద లెక్క వేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పిన పాఠం అది. ఆమె కళ్లు తెరుచుకుని, కోడలి నిద్ర చెడకుండా, కట్టెలా పడుకుని ఉంటే బ్యాండు దాన్ని నిద్ర అంది. నేను సరేనన్నాను. అక్కడే, అప్పుడే చెప్పి ఉండాల్సింది. శ్రీనివాస్ నవ్వుతున్నాడు, నా ముందు చాయ ఉంది. చాయ తాగి వచ్చేశాను.

మూడు వారాలకు సందీప్ సార్‌కు చెప్పాను. ఆయన "ఇప్పుడా చెప్పడం?" అన్నారు. కంపెనీకి ఒక మెయిల్ వెళ్లింది. పన్నెండు మంది పదకొండు మందయ్యారు. కట్టమ్మ రాత్రులు లెక్కలోంచి తీసేశారు. ఆసుపత్రి పరీక్షలు అప్పటికే ముగిశాయి. అయినా నేనే తీసుకెళ్తానని చెబుదామని ఆ మధ్యాహ్నమే కొత్తవాడకు పరుగెత్తాను.

కట్టమ్మ మగ్గం మీదే ఉంది. కళ్ల కింద నల్లగా గుంటలు. పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పాను. నువ్వు చెప్పింది రాయలేదవ్వా, గడియారం చెప్పింది రాసిన, తప్పు నాదే అన్నాను. ఏడ్చాను కూడా.

ఆమె పంజా పక్కన పెట్టి నా వీపు నిమిరింది. "ఏడ్వకు బిడ్డా. గడియారం ఉత్తగ చెప్తదా? నాకే ఎరుక లేదేమో. నిద్రల ఉండి, మేలుకున్నట్టు కల గంటాన్నేమో. ఈ నడుమ గట్లనే అనుకుంటాన."

"లేదవ్వా! నువ్వు మేలుకోనే ఉన్నవ్."

"నీకెట్ల ఎరుక? నువ్వు నా పక్కల పండుకున్నవా?"

 అంతలో శ్రీనివాస్ వచ్చాడు. అతనికీ మొత్తం చెప్పాను. అతని ముఖం మారిపోయింది. తల్లి ముందు గొంతుక్కూర్చుని, "ఏందమ్మా, నిజంగనే నిద్ర పడ్తలేదా? చెప్పు, ఇప్పుడే దవాఖానకు పోదాం" అన్నాడు.

రెండేళ్లుగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసిన మనిషి కొడుకు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"పడ్తాంది కొడుకా, మంచిగనే పడ్తాంది" అంది. "ఈ పిల్లకే ఏదో ఫికర్ పట్టుకున్నది."