రక్తాన్ని వెచ్చబరిచే యంత్రం పక్కన దేవుడు నన్ను నిలబెట్టిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఆరేళ్లపాటు నేను కంటినిండా నిద్రపోలేదు. నిజామాబాదులో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సును; డ్యూటీ దిగి మోకాళ్లూనితే ప్రార్థన నోటికి రాక అట్లాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయేదాన్ని, అంత అలసట!

కారణం చెబుతాను. బోధన్ వైపు నుంచి చెరకు కోతలకు పోయే ఒకామెను, కాన్పయ్యాక రక్తం ఆగడం లేదని ట్రాక్టరు మీద తెచ్చారు. ఫ్రిజ్జులోంచి వచ్చిన రక్తం మంచులా ఉంది, వెచ్చబరిచే సాధనం మాకు లేదు, ఆగే వ్యవధి అంతకన్నా లేదు, అందుకని డాక్టరమ్మ చెప్పగానే సంచిని రెండు చేతులా పిండుతూ వేగంగా ఎక్కించాను. "సలి పెడ్తుంది సిస్టరమ్మా" అందామె. కాసేపటికి గుండె తడబడి ఆగిపోయింది. పోయిన రక్తం వల్లనో, చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరినందువల్లనో ఎవరూ తేల్చలేదు. నేను మాత్రం నా చేతులే చంపాయనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్లకు మాకొక యంత్రం వచ్చింది. రక్తం గొట్టం వేడి పలకల మధ్య మెలికలు తిరిగి, ఒంటి వేడికి వచ్చాకే నరంలోకి పోతుంది. సంచి చుట్టూ గాలిపట్టీ బిగిస్తే వేగంగా దిగుతుంది. వేడి మించినా, గొట్టంలో గాలి చేరినా యంత్రం ఆగి కూత పెడుతుంది. నాకు నేర్పారు గానీ, దాన్ని ముట్టుకోవాలంటేనే భయం.

ఒక మధ్యాహ్నం నవీపేట్ నుంచి రాజవ్వ అనే బీడీలు చుట్టే ఆమె వచ్చింది. అదే రక్తస్రావం! వెంట వచ్చిన ఆమె అక్క నా మీద అరిచింది.

"గా సంచిని ఉడుకు నీళ్లల్ల పెట్టరాదు, జల్ది అయితది!"

"వద్దక్కా, ఉడుకు నీళ్లల్ల పెడితే రక్తం ఖరాబైతది, పానానికే ముప్పు. మిషినే వెచ్చగ చేస్తది, జర ఆగు."

మాట గట్టిగానే అంటూ గొట్టాన్ని పలకల మధ్య అమర్చి, సంచికి గాలిపట్టీ బిగించాను. "ప్రభువా, నాకు తాకత్ లేదు, గీమెను గూడ నా చేతుల మీద పోనియ్యకు" అని లోపలే మొరపెట్టాను.

రెండో సంచి సగం దిగేసరికి యంత్రం కూత పెట్టింది. చూస్తే గొట్టంలో గాలి బుడగ! ఆ ఒత్తిడికి అది గుండెకు చేరితే మనిషి దక్కదు. గొట్టానికి బిగింపు వేసి, డాక్టరమ్మకు చెప్పి, బుడగను బయటికి తీసి, మళ్లీ రెండుసార్లు చూసుకుని వదిలాను. అంత నిదానం నాకెక్కడిది సహోదరులారా? దేవునిది!

పొద్దు వాలుతుండగా రాజవ్వ కళ్లు తెరిచి, "దూపైతుంది సిస్టరమ్మా" అని నీళ్లడిగింది. నేను బయటి బెంచీ మీద కూలబడి ఏడ్చాను. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంటే ఆరేళ్ల భారం ఆమె ముందు కుమ్మరించాను.

"ఆనాడు పిండుమన్నది నేనే గదా," అందామె మెల్లగా. "గంత బరువు నువ్వొక్కదానివే ఎందుకు మోసినవ్?"

ఆమె మన విశ్వాసి కాదు. అయినా నేను ప్రార్థిస్తుంటే తల వంచి నా పక్కనే ఉంది. ఇంటికి పోయి, అన్నం కూడా తినకుండా పడుకుని తెల్లవారేదాకా నిద్రపోయాను. దేవునికే మహిమ!

ఇప్పటికీ అలసిపోతూనే ఉన్నాను, ఈ పని అటువంటిది. కానీ దాచుకున్నదాన్ని దేవుని ముందు, ఒక మనిషి ముందు విప్పి చెప్పాక అలసట అలసటగానే ఉంటుంది, శిక్షగా ఉండదు. మీలో ఎవరైనా ఎవరికీ చెప్పని మరణాన్ని మోస్తుంటే ఈరోజే ఆయనతో చెప్పండి. మాటలు రాకపోతే ఊరికే ఆయన దగ్గర కూర్చోండి. నా దగ్గర ఆయన ఆరేళ్లు కూర్చున్నాడు.