బల్ల చుట్టూ తిరిగిన గ్లాసు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరి మెట్లు దిగుతుంటే మా కింది ఇంట్లో ఉండే ఓమా తలుపు తెరిచి ఉంది. ఓమా చెల్లెలి కూతురు చేతిలో కాగితాల ఫైలుతో గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి, ఓమా తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయిందని చెప్పింది. గుండె జబ్బు పాతదే, వయసూ ఎనభై దాటింది, కాబట్టి అనుకోని వార్తేమీ కాదు. అయినా నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూపించింది. అంత్యక్రియలు అయ్యాక ఊళ్లో కాఫీలూ కేకులూ వద్దనీ, అందరూ అడవిలో హ్యుట్టెకి వెళ్లి కడుపునిండా తినాలనీ ఓమా తన చేత్తో రాసిపెట్టుకుంది. కింద వెళ్లే బస్సు, వచ్చే బస్సు టైములు కూడా రాసింది. ఏడుస్తున్నదాన్ని అది చూసి నవ్వేశాను.

ఓమా అంటే ఇక్కడ జర్మనీలో అమ్మమ్మా, నాయనమ్మా రెండూను. మా అమ్మాయి అలా పిలిచేది, చివరికి మా ఇంట్లో అందరికీ అదే ఆవిడ పేరైపోయింది. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త మేం రాకముందే పోయాడు. పిల్లల్లేరు. ఆవిడకి ఉన్నవి మూడే: నడిచే కాళ్లు, మంచి ఆకలి, ఆదివారం. కైసర్స్‌లౌటర్న్‌లో బస్సు ఎక్కితే ఊరు ఎక్కడ అయిపోయిందో, అడవి ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ అడవి నిండా నడిచేవాళ్ల కోసం హ్యుట్టెలు, అంటే వంటగదీ బల్లలూ ఉన్న చిన్న చిన్న ఇళ్లు. ఊరివాళ్లే వంతులు వేసుకుని అందులో వండి పెడతారు. ఏ హ్యుట్టెలో ఏ వారం ఎవరి వంతో, ఎవరి చేతి బంగాళాదుంపలు బాగుంటాయో, ఎవరి చారులో ఉప్పెక్కువో ఓమాకి కంఠతా వచ్చు.

మా పరిచయం మిక్సీతో మొదలైంది. తొమ్మిదేళ్ల క్రితం, మేం ఆ ఇంట్లో దిగిన మొదటి ఆదివారం, ఇడ్లీ పిండి రుబ్బుకుందామని మా ఆయన మిక్సీ వేశాడు. ఆదివారం ఇక్కడ చప్పుడు చెయ్యకూడదన్న సంగతి మాకు తెలియదు. రెండో నిమిషంలో తలుపు కొట్టారు. చూస్తే తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ, చేతిలో మడతలు పడ్డ మ్యాపు. ఇంటి ఓనరుకి ఉత్తరం రాస్తుందనే అనుకున్నాం. ఆవిడ వంటింట్లోకి తొంగి చూసి, పిండి చూసి, మా మూడేళ్ల పిల్లని చూసి, "ఆదివారం పూట ఇంట్లో ఎవరైనా ఉంటారా? బూట్లున్నాయా మీకు?" అని అడిగింది. నాకొచ్చిన జర్మన్‌కి ఆ రెండో ప్రశ్నే అర్థమైంది. ఉన్నాయన్నాను. గంటలో బస్సులో ఉన్నాం. పిండి మర్నాటికి పులిసి పొంగిపోయింది.

అలా తొమ్మిదేళ్లు తిరిగాం. కార్ల్స్‌తాల్ లోయలో నాచు పట్టిన బండల మధ్య, గెల్టర్స్‌వోగ్ చెరువు చుట్టూ, పేరు లేని ఎన్నో దారుల్లో. ఆవిడకి ఫోను మీద నమ్మకం లేదు. మ్యాపు మీద ఉన్న నమ్మకమూ అంతంతమాత్రమే. దారి తప్పినప్పుడల్లా, "తప్పలేదు, పొడుగైంది" అనేది. ఇంకెంత దూరమని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: ఇంకో అరగంట. ఆ అరగంటలు కొన్ని రెండు గంటలు నడిచిన సంగతి మా మోకాళ్లకి తెలుసు. సంచిలో పాత కార్పెట్టు ముక్కలు నాలుగు పెట్టుకునేది, తడి బెంచీల మీద వేసుకోవడానికి. ఒక చిన్న చాకు. ఉప్పు పొట్లం. అడవిలో పుట్టగొడుగు కనిపిస్తే చాకు తీసేది, నేను భయపడితే తిట్టేది.

హ్యుట్టెకి చేరగానే ముందు తిండి చెప్పాలి, తర్వాతే కోటు విప్పాలి. ఇది ఆవిడ పెట్టిన నియమం. మేం మాంసం తినమంటే తొలిరోజు ఆవిడ మొహంలో నిజమైన జాలి కనిపించింది. పంది పొట్టలో మాంసమూ బంగాళాదుంపలూ కూరి వండే వంటకం ఈ ప్రాంతానికి గొప్ప. దాని గురించి మా ముందే, మాకు ఏం పోతోందో తెలియాలన్నట్టు, వర్ణించి వర్ణించి తినేది. కానీ ఆ తర్వాతి వారం నుంచి ప్రతి హ్యుట్టెలోనూ మా కోసం వాకబు మొదలైంది. ఉడికించిన బంగాళాదుంపలతో పెరుగులాంటి తెల్ల చీజు ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడి పప్పు చారులో సాసేజి ముక్క వెయ్యకుండా తీసిపెడతారు, దాంప్‌నూడెల్ ఏ రోజు చేస్తారు. దాంప్‌నూడెల్ అంటే ఆవిరి మీద ఉబ్బిన పెద్ద కుడుము లాంటిది, అడుగున ఉప్పగా కరకరలాడుతుంది. మొదటిసారి తిన్నప్పుడు మా ఆయన మూడు లాగించి, నాలుగోది ఆవిడ పళ్లెంలోంచి తీసుకున్నాడు. ఆ రోజే ఆయన ఆవిడకి ఇష్టుడైపోయాడు.

ఇక గ్లాసు సంగతి. ఇది రాయాలనే ఇంతసేపూ తిరుగుతున్నాను.

ఇక్కడ హ్యుట్టెల్లో బల్లలు పొడుగ్గా ఉంటాయి. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. వైన్‌లో సోడా కలిపి అర లీటరు గ్లాసులో ఇస్తారు. మందపాటి గాజు, జారకుండా చుట్టూ వేళ్లకి సరిపడే గుంటలు. ఆ గ్లాసు తెచ్చినవాడిది కాదు, బల్లది. తెచ్చినవాడు ఒక గుక్క తాగి పక్కవాడికి జరుపుతాడు, వాడు తాగి ఇంకొకడికి. అది ఖాళీ అయ్యేలోగా ఇంకెవరో ఇంకోటి తెస్తారు. నాకు మందు అలవాటు లేదని తెలిసి ఓమా మొదటి రోజే ద్రాక్షరసంలో సోడా కలిపించి, అదే పెద్ద గ్లాసులో తెచ్చింది. తాను ఒక గుక్క తాగి నా ముందుకి జరిపింది.

నేను తాగలేకపోయాను. మాది తెనాలి. ఎంగిలి పట్టింపు మా ఇంట్లో కాస్త ఎక్కువే. చెంబు ఎత్తి నోట్లో పోసుకోవడం నాకు నడక కంటే ముందు నేర్పారేమో. మా ఆయన మాత్రం ఆ రోజే తాగేసి, మీసాలు తుడుచుకుని, "మీ అమ్మకి చెప్పమాక" అన్నాడు. నేను గ్లాసుని రెండు చేతులతో ఎత్తి, తల వెనక్కి వాల్చి, పైనుంచి పోసుకున్నాను. అర లీటరు గ్లాసు చెంబు కాదు. సగం మెడ మీదికి, సగం స్వెట్టర్‌లోకి పోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఓమా తన చేతిరుమాలు ఇచ్చి, ఎందుకలా అని అడిగింది. పెదవి తగిలితే మా వాళ్లు తాగరని వచ్చిన జర్మన్‌లో చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఇది తానూ నేర్చుకోవాల్సిందే అంది.

అన్నట్టే నేర్చుకుంది. నెల రోజులు వంటింటి సింకు దగ్గర సాధన చేసిందట. ఆ తర్వాత ఒక ఆదివారం ఎండలో నడుస్తూ నా సంచిలోంచి మజ్జిగ సీసా తీసుకుని, తలెత్తి, ఒక్క చుక్క కింద పడకుండా, పెదవి తగలకుండా గటగటా తాగింది. తాగి మూతి తుడుచుకుని నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నీ సీసాకి నీ రూలు. నా గ్లాసుకి నా రూలు."

ఆవిడ నా రూలు తొమ్మిదేళ్లు పాటించింది. నా సీసా ఎప్పుడు తీసుకున్నా ఎత్తే తాగింది. నేను ఆవిడ రూలు ఒక్కసారీ పాటించలేదు. ప్రతి ఆదివారం గ్లాసు నా ముందుకి వచ్చేది. నేను నవ్వి పక్కవాళ్లకి జరిపేదాన్ని. ఆవిడ తర్వాతి ఆదివారం మళ్లీ జరిపేది. సొంత కూతురు తిని వదిలేసిన కంచంలో అన్నం తినేదాన్ని నేను, మొగుడి కాఫీలో గుక్క తాగేదాన్ని నేను. అక్కడ లేని ఎంగిలి ఇక్కడెందుకో నాకే చెప్పడం రాదు. అలవాటు అనుకున్నాను. నిజానికి, వీళ్లు మనవాళ్లు కారన్న మాట లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కరోనా వచ్చి హ్యుట్టెలన్నీ మూసేశారు. మళ్లీ తెరిచినప్పుడు ఎవరి గ్లాసు వాళ్లదే అయింది. బల్లకి ఇద్దరే, మధ్యలో ఖాళీ. ఆ కట్టుబాట్లు పోయాక కూడా గ్లాసు మాత్రం తిరగలేదు. ఓమాతో నడిచే స్నేహితులు ముగ్గురుండేవాళ్లు, ఒక పొడుగాయనా, ఇద్దరు అక్కచెల్లెళ్లూ. నలభై ఏళ్లుగా ఒక్క గ్లాసులో తాగినవాళ్లు, వాళ్లు కూడా తలో గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఓమా ఆ నాలుగు గ్లాసులనీ కాసేపు చూసి, నా వైపు తిరిగి, "చూశావా, అందరూ నీలాగైపోయారు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

పోయిన అక్టోబరులో చివరిసారి వెళ్లాం. చెస్ట్‌నట్ కాయలు రాలే రోజులు. మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది, అయినా ఓమాతో వస్తే ఇంకా చిన్నపిల్లలా జేబుల నిండా కాయలు ఏరుతుంది. ఓమా ప్రతి మలుపులోనూ ఆగి, చెట్లు చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకుంది. మా ఆయన ఊళ్లో లేడు. ఆ ఎక్కుడంతా నేను ఒకటే అనుకున్నాను: ఈ రోజు తాగుతాను. హ్యుట్టెలో ఆవిడ ద్రాక్షరసం తెచ్చింది. డాక్టరు వైన్ మానెయ్యమన్నాడట. రెండు గుక్కలు తాగి, కరోనా తర్వాత మొదటిసారి, గ్లాసు నా ముందుకి జరిపింది. గుంటల్లో వేళ్లు పెట్టి పట్టుకున్నాను కూడా. అంచు మీద ఆవిడ పెదవుల తడి కనిపించింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఓమా, బస్సుకి టైమవుతోంది. లేద్దామా?"

ఇంకో గంటకి ఇంకో బస్సు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, టైములన్నీ కంఠతా వచ్చిన ఆవిడకీ తెలుసు. "సరే, వచ్చే ఆదివారం" అని కార్పెట్టు ముక్క మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంకా నిండుగానే ఉన్న గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది. ఆ వచ్చే ఆదివారం జ్వరం, ఆ తర్వాత ఆస్పత్రి, చలికాలమంతా ఇల్లూ ఆస్పత్రీ. నేను వారానికి రెండుసార్లు చారు కాచి కింద ఇచ్చేదాన్ని. చారు బాగుందనేది. మిరియాలు తగ్గించమనేది. గ్లాసు మాట మేమిద్దరం ఎత్తలేదు.

ఆ శుక్రవారం శ్మశానంలో పని అరగంటలో అయిపోయింది. ఆవిడ రాసిన బస్సులోనే అందరం హ్యుట్టెకి వెళ్లాం. ఆవిడ చెల్లెలి కూతురు, ఆ ముగ్గురు స్నేహితులు, మేం ముగ్గురం. ముందు తిండి చెప్పి, తర్వాతే కోట్లు విప్పాం. దాంప్‌నూడెల్ ఉంది. బల్ల చివర ఆవిడ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు, పొడుగాయన అక్కడ ఒక కార్పెట్టు ముక్క వేశాడు. అందరూ ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకున్నారు. మాటలు సరిగా సాగడం లేదు.

నేను లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి ద్రాక్షరసం పెద్ద గ్లాసు ఒకటి అడిగాను. ఎన్ని అని మళ్లీ అడిగారు. ఒకటే అన్నాను. తెచ్చి కూర్చుని, ఎత్తకుండా, అంచుకి పెదవి ఆనించి ఒక గుక్క తాగాను. గ్లాసుని ఎడమ పక్కనున్న పొడుగాయన ముందుకి జరిపాను. ఆయన గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, తన గ్లాసు పక్కకి నెట్టి ఇది అందుకుని తాగాడు. ఆయన నుంచి అక్కచెల్లెళ్లకి, వాళ్ల నుంచి ఓమా చెల్లెలి కూతురికి, అక్కడి నుంచి మా ఆయనకి, మా అమ్మాయికి వెళ్లింది. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ తాగి, తీపి ఎక్కువైందని సణిగింది. ఆ సణుగుడుతో బల్ల మీద మాటలు మొదలయ్యాయి. ఓమా పొడుగు చేసిన దారుల గురించి, చారులో ఉప్పు గురించి.

గ్లాసు తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి అడుగున ఒక్క గుక్క మిగిలింది. కింద రోడ్డు మీద, ఆవిడ రాసిన టైముకి సరిగ్గా, తిరుగు బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. కాసేపు ఆగి వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.