బూదికోటలో విన్న నాలుగో పేరు

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే మనిషిని. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టి పెరిగాను, అక్కడే రాబర్ట్‌సన్‌పేటలో లెక్కల టీచర్ని. ఇది జరిగింది పట్టపగలు. నిద్రలో లేను, జ్వరమూ లేదు.

మా ఇంటిపేరు కోటనాయని. ఒకప్పుడు ఈ వైపు ఏలిన పాలెగాళ్ల ఇంటిపేరు అదేనట. మా తాత మాత్రం గనిలో రాళ్లు కొట్టి, అక్కడే బండ కూలి చనిపోయాడు. ఆ పాలెగాళ్లకూ మాకూ ఏమైనా సంబంధం ఉందా అని రెండేళ్లుగా వెతుకుతున్నాను. పాత కాగితాల్లో ఆ ఇంటిపేరుతో ముగ్గురు బూదికోట వాళ్లు దొరికారు: తిమ్మానాయుడు, అతని తమ్ముడు, బావి తవ్వించిన చెన్నమ్మ.

నాన్నకు ఇది గిట్టదు. "తవ్వి తవ్వి మా నాయన పోయినాడు. ఇంగ నువ్వు యాడ తవ్వేదానికి పోతావమ్మా?" అనేవాడు.

పోయిన వేసవిలో ఆ బూదికోట చూద్దామని వెళ్లాను. మధ్యాహ్నం మూడు దాటింది. కోటగోడ పక్క మల్బరీ తోట గట్టు మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. గాలికి తోటంతా నీళ్లలా కదులుతోంది. ఒక ముసలామె గంప దించి నా పక్కనే కూర్చుంది. నా వైపు చూడకుండా, పిల్లను జోకొడుతున్నట్టు మెల్లగా పేర్లు చెప్పసాగింది. గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. నా దగ్గరున్న మూడు పేర్లూ వరసగా చెప్పింది. తర్వాత, "పుల్లమ్మ. మూడేండ్ల బిడ్డ" అంది. రాసుకున్నాను.

ఆమె కొడుకు వచ్చాడు. మీ అమ్మగారికి పాత సంగతులు భలే గుర్తున్నాయే అన్నాను. అతను నవ్వలేదు.

"మా యమ్మకు మాటలు రావు మేడం. పుట్టినప్పటి నుంచీ మూగ. చెవులూ వినపడవు. ఊర్లో ఎవుర్నైనా అడగండి."

అడిగాను. అడిగిన ముగ్గురూ అదే మాట చెప్పారు.

ఇంటికొచ్చి నాన్నకు నోట్‌బుక్ చూపించాను. నాలుగో పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"ఈ పేరు నీకు ఎవురు చెప్పినారు?"

పుల్లమ్మ ఆయన అక్క. ఆయన పుట్టకముందు, తాతవాళ్లు బూదికోట వదిలి గనులకు నడిచి వస్తుంటే దారిలో జ్వరమొచ్చి చనిపోయింది. బాట పక్కనే పూడ్చి, ముందుకు నడిచారు. ఆ పేరు ఎవరి ముందూ ఎత్తనని నానమ్మ ఆయన చేత ఒట్టు వేయించుకుందట. మా అమ్మకు కూడా ఆయన చెప్పలేదు. ఏ కాగితంలోనూ ఆ పేరు లేదు.

మరుసటి ఆదివారం నాన్నే నన్ను బూదికోటకు బయలుదేరదీశాడు. ముసలామె ఆయన్ని చూసి చెయ్యి పట్టుకుంది. ఒక్క మాటా మాట్లాడలేదు. నాన్న గంటసేపు అలాగే కూర్చుని, "వస్తానమ్మా" అని లేచాడు.

తాత ఏ ఊరు వదిలాడో తెలిసింది గానీ, మేము పాలెగాళ్ల వాళ్లమేనా అన్నది తేలలేదు. నాన్న మాత్రం ఇప్పుడు తోబుట్టువుల గురించి ఎవరడిగినా, "మాకొక అక్క ఉండె" అంటున్నాడు. ఆ మధ్యాహ్నం నేను విన్నది ఎవరి గొంతో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు.