తీన్ కందీల్ దగ్గర సైరను

డెబ్బై ఒకటిలో యుద్ధం మొదలైన వారమే మా పత్తిమిల్లు మనుషులకు విమానదాడి డ్రిల్లు మొదలైంది. బాంబు పడితే ఎక్కడ బోర్లా పడుకోవాలో, దెబ్బ తగిలినవాళ్లను ఎట్లా మోయాలో ఒక రిటైరైన హవల్దారు నేర్పేవాడు. రాయచూరు మీదికి ఏ విమానం వస్తుందిలే అని మొదట నవ్వుకున్నాం. రేడియో వార్తలు వింటూ ఉంటే ఆ నవ్వు పోయింది. మా అన్న సరిహద్దులో ఉన్నాడు. అతని కబురు తెలియక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

ఒక మధ్యాహ్నం తీన్ కందీల్ బజారులో, జనం అందరి ముందు డ్రిల్లు. నాది గాయపడినవాడి వేషం. హవల్దారు నా తలకు కట్టు కట్టి, దాని మీద ఎర్రమందు ధారాళంగా పోశాడు.

"నీకు సోయి లేదు. ఏమైనా సరే కండ్లు తెరవొద్దు," అన్నాడు.

సైరను మోగింది. దుకాణాల తలుపులు దబదబ పడ్డాయి. ఇద్దరు కూలీలు నన్ను స్ట్రెచరు మీద వేసుకుని పరుగు తీశారు. కళ్లు మూసుకున్నందుకేమో, ఆ కూత నా కడుపులోనే మోగుతున్నట్టుంది. ఉత్తదే అని తెలిసీ స్ట్రెచరు అంచులు గట్టిగా పట్టుకున్నాను.

అంతలో అమ్మ గొంతు. గిల్లేసూగూరులో చిన్నమ్మను చూసి అప్పుడే బస్సు దిగినట్టుంది. డ్రిల్లు సంగతి ఆమెకు తెలియదు.

"ఏందిది? నా కొడుక్కు ఏమైంది?"

"జరుగమ్మా, జరుగు," అంటున్నారెవరో. స్ట్రెచరు ఆగింది. అమ్మ చెయ్యి నా కట్టు మీద పడింది.

"పెద్దోడు అక్కడ, వీడు గిక్కడ," అని మెల్లగా అంది. ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది.

లేచి కూర్చున్నాను. "నాకేం కాలేదమ్మా. ఇది ఉత్తగ డ్రిల్లు." కట్టు ఊడదీసి నుదురు చూపించాను. ఆమె నా తలంతా వేళ్లతో తడిమి, రోడ్డు మీదే కూలబడింది.

హవల్దారు వచ్చాడు. డ్రిల్లు చెడగొట్టినందుకు తిడతాడనుకున్నాను. అన్న ఫౌజులో ఉన్న సంగతి ఆయనకు తెలుసు. అమ్మ పక్కన గొంతుక్కూర్చుని, "పెద్దకొడుకు ఏ దిక్కున ఉన్నడు తల్లీ?" అన్నాడు.

"ఎరుక లేదు సారూ. చలి శానా ఉందని పోయిన నెల రాసిండు, గంతే."

"నా కొడుకు గూడ ఫౌజులనే ఉన్నడు."

ఆ మాట ఆయన అంతవరకు మాకెవరికీ చెప్పలేదు. సైరను ఆగేదాకా ఇద్దరూ రోడ్డు మధ్యనే కూర్చున్నారు. ఎవరూ లేవమనలేదు.

తర్వాతి డ్రిల్లుల్లో గాయాల వేషం ఎవరికిచ్చినా, హవల్దారు ముందుగా వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పి వచ్చేవాడు. నేను మిల్లుకు బయల్దేరినప్పుడల్లా, ఆయన కొడుకు కబురేమైనా తెలిసిందేమో అడిగి రమ్మనేది అమ్మ. ఆ అబ్బాయి మా అన్న కంటే ముందే క్షేమంగా వచ్చాడు. అన్న ఎండాకాలంలో వచ్చాడు, ఎడమచేతి రెండు వేళ్లు లేకుండా.