పెద్దవాళ్ల తలకాయ ముక్క

మా అమ్మ కొల్లేరు ఒడ్డుకు వచ్చిన కొత్తల్లో చేప తలకాయలు తీసి పెంటకుప్ప మీద పారేసేదట. మేం కామవరపుకోట వైపు మెట్టవాళ్లం. పొగాకు పంట పోయిన ఏడు నాన్న వరికోతల కోసం పల్లానికి దిగి, ఇక వెనక్కి వెళ్లలేదు. చేపను ఎలా శుభ్రం చేయాలో కూడా అమ్మకు తెలియదు. ఆమె తలకాయ విసిరేయడం చూసి పక్కింటావిడ నెత్తీనోరూ కొట్టుకుందట.

"నీ అమ్మకడుపు చల్లగుండ, తలకాయ పారేశావా! ఇంటి పెద్దకి వేసే ముక్క అదేనమ్మా!"

అప్పట్నుంచీ మా ఇంట్లో తలకాయ ముక్క పెద్దవాళ్లదైపోయింది. కొత్తగా నేర్చుకున్న ఆచారం కదా, అక్కడ పుట్టి పెరిగినవాళ్లకంటే మాకే పట్టింపు ఎక్కువ. పంక్తిలో అందరికంటే పెద్ద ఎవరైతే వాళ్లకే తలకాయ. వాళ్లు మొదటి ముద్ద పెట్టుకున్నాకే మిగతావాళ్లు చెయ్యి కదపాలి.

మేం ఏడుగురం. పెద్దన్నయ్య, పెద్దక్క, మధ్యలో ముగ్గురన్నయ్యలు, చిన్నక్క, ఆఖర్న నేను. నాన్న త్వరగానే పోయాడు. అమ్మ వడ్డించేదే గానీ పంక్తిలో కూర్చునేది కాదు, అందుకని తలకాయ పెద్దన్నయ్యకు వచ్చింది. నాకెప్పుడూ తోకే. ఆయన తలకాయ తినడం మొదలుపెడితే అరగంట పట్టేది. ఎముకలన్నీ కంచం అంచున వరసగా పేర్చేవాడు. నేను గుటకలు మింగుతూ చూసేదాన్ని. ఒకరోజు ఉక్రోషం పట్టలేక "నాకెప్పుడు పెడతారు?" అని అరిచాను.

"మేం ఆరుగురం పోయాక," అన్నాడు పెద్దన్నయ్య. అందరూ పడీపడీ నవ్వారు. చిన్నక్కకైతే పొలమారింది. అమ్మ మాత్రం "తిండి దగ్గర అవేం మాటల్రా!" అని కసిరింది.

తర్వాత ఎవరి దారి వాళ్లదైంది. పెద్దన్నయ్య ఉంగుటూరులో సైకిల్ షాపు పెట్టాడు. పెద్దక్క ఏలూరులో తివాచీలు నేసేది. ముడులు వేసీ వేసీ ఆమె వేళ్లు కాయలు కాసిపోయాయి. చిన్నక్కనూ ఏలూరే ఇచ్చారు. నేను తాడేపల్లిగూడెం వచ్చి పడ్డాను. పండక్కో పెళ్లికో కలిసినప్పుడు మాత్రం వరస తప్పేది కాదు. పెద్దన్నయ్య పోయాక తలకాయ పెద్దక్కకు వచ్చింది. పెద్దక్క పోయాక అన్నయ్యలకు, ఒకరి తర్వాత ఒకరికి. ఒక్కొక్కరికీ ఏడ్చాను. ఆఖరి అన్నయ్య దగ్గరికొచ్చేసరికి ఏడుపు కూడా అలవాటు ప్రకారం వచ్చినట్టే వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

ఆ అన్నయ్య సంవత్సరీకం అయ్యాక చిన్నక్క వాళ్లింట్లో శీలావతి చేప వండారు. తలకాయ తన విస్తట్లో పడగానే చిన్నక్క ముఖం అదోలా పెట్టింది. "ఒసేయ్, నాకు పళ్లు కదులుతున్నాయి. నువ్వు తినవే," అని నా వైపు తోసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వుండగా నేనెలా తింటానే? నోరు మూసుకుని తిను," అన్నాను.

"మూసుకుని ఎలా తినాలే?" అంది. సగం తిని, సగం వదిలేసింది. నేను అటు చూడలేదు.

మొన్న చలికాలంలో చిన్నక్క కూడా వెళ్లిపోయింది. ఉదయం కాఫీ తాగి, ఇత్తడి గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద వాలిందట. అంతే. ఫోన్ వచ్చాక నేను పొయ్యి మీది పాలు దించి, చీర మార్చుకుని రైలెక్కాను. దారంతా కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నాను. శవం దగ్గరా ఏడుపు రాలేదు. "ఆవిడది రాతి గుండండీ," అని వెనక ఎవరో అన్నారు. అననీ. లోపల ఏమీ లేదు, ఉత్త చప్పదనం. పదకొండు రోజులూ వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించాను, చాపలు మడతపెట్టాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మళ్లీ చేపలు వండారు. హాల్లో రెండు వరసలుగా కూర్చున్నాం. చిన్నక్క కోడలు గిన్నె పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"చిన్నత్తయ్యగారూ, తలకాయండీ."

"నాకెందుకమ్మా? మీ ఆయనకు వెయ్యి."

"భలేవారండీ! మీరుండగా ఆయనకెలా వేస్తానండీ?" అంటూ వేసేసింది.

విస్తరి సగం నిండింది. కన్ను నాకేసి చూస్తోంది. ఇన్నేళ్లు వాళ్లు తింటుంటే చూశానే గానీ, ఎక్కడ విరవాలో, ఏది తీసి పారేయాలో నాకు తెలియదు. అడుగుదామని పక్కకు తిరిగాను. పక్కన గోడ ఉంది. నా కుడివైపు ఇంకెవరూ లేరు. వరస నాతోనే మొదలవుతోంది.

చిన్నక్క మీద పట్టరాని కోపం వచ్చింది. నాకంటే మూడేళ్లే పెద్దది, ఏం తొందరొచ్చిందని! తను పోయాక నాకంటూ ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

తలెత్తి చూస్తే ఎవరూ తినడం లేదు. అన్నం కలుపుకుని చేతులు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. చిన్నక్క కొడుకు, నెరిసిన జుట్టువాడు, తల వంచుకుని విస్తరి చూసుకుంటున్నాడు.

"ఏంట్రా, తినరేం?" అన్నాను.

"మీరు మొదలెట్టండి పిన్నీ," అన్నాడు.

అందరికీ నేను మీరు, గారు, అండీ. పుట్టింటి తరఫున నన్ను ఒసేయ్ అనే మనిషి ఒక్కరూ మిగల్లేదు. లేచిపోవాలనిపించింది. కానీ వాళ్లు పొద్దుట్నుంచీ పనుల మీదే ఉన్నారు, ఆకలితో ఉన్నారు.

పులుసన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. హాల్లో అందరూ ఒక్కసారిగా తినడం మొదలుపెట్టారు.