గానుగ దూలం మీద పైలట్ చదువు

మా అన్నకు సైనిక అకాడమీలో సీటొస్తే పైలట్ అయిపోయినట్టేనని హిందూపురంలో ముందుగా తీర్మానం చేసింది మా నాయన కాదు, రైల్వేస్టేషన్ ముందున్న టీ బంకు. మా నాయన ఆ తీర్మానానికి చెయ్యెత్తాడు, అంతే. అరవైల్లో మాట ఇది. మా అన్న సెలవులకు వచ్చినప్పుడల్లా దారిలో ఆపి, "ఏమప్పా, మా మిద్దె మీదుగా ఎప్పుడు పోతావు?" అని అడిగేవాళ్లు. పోయేటప్పుడు మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎగిరిపోకుండా చూడమని ఒకావిడ ముందే చెప్పిపెట్టుకుంది.

నేను అందరితోనూ వాదించాను. అనంతపురంలో కాలేజీ చదువుతున్న దాన్ని, ఊరుకుంటే ఆ చదువెందుకు? అకాడమీ అంటే మూడు సైన్యాల పిల్లల్నీ కలిపి తయారుచేసే చోటు. అక్కణ్ణుంచి విమానాల వైపు వెళ్లేవాళ్లు కొందరే. వాళ్లకు మళ్లీ ఎగరడం నేర్పే బడి వేరే ఉంది. కళ్లు, గుండె, కాళ్ల పొడుగు అన్నీ సరిపోయినా, పక్కన కూర్చున్న గురువు "వీడి చేతికి విమానం ఇవ్వొచ్చు" అనేదాకా ఏమీ కానట్టే. ఇవన్నీ అన్న చెప్పినవే. అవే నాయనకు చెబితే, "నీకెందుకు మే అంత కుళ్లు?" అన్నాడు.

అన్న అకాడమీ ముగించి ఆ ఎగిరే బడిలో చేరాడు. చెరుకు గానుగ ఆడే రోజుల్లో సెలవు మీద వస్తుంటే నేనూ అనంతపురంలో అదే రైలెక్కాను. మనిషి సగమయ్యాడు. ధర్మవరంలో ఇంజను నీళ్లు పట్టుకుంటుంటే దిగి వేయించిన శనక్కాయలు కొనిచ్చాను. ఒక్కటీ ఒలవలేదు.

"కక్కుకుంటాండా పాపా," అన్నాడు మెల్లగా. "ఇమానం ఒక పక్కకు వాలితే చాలు. చేతులు బాగనే ఆడతాయి, కడుపే నిలవదు. ఈసారి పోయినాక గూడా ఇట్లనే ఉంటే నేల మీద పనిలోకి మారుస్తామని చెప్పేసినారు."

"నాయనకు చెప్పినావా?"

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్పల్ల? అకాడమీకి పోయింది నువ్వు."

"నాయనతో కొట్లాడే అలవాటు నీకుండాది కదా."

పెనుకొండ దాటినా ఆ వాదన తెగలేదు. కొండ, కోట కిటికీలోంచి వెనక్కి పోయాయి, మేమిద్దరమూ చూడలేదు. హిందూపురంలో దిగేసరికి టీ బంకు మొత్తం ప్లాట్‌ఫారం మీదే ఉంది, చేతుల్లో చామంతి దండ. అన్న మెడ వంచాడు. దండ కోసమే వంచాడని వాళ్లనుకున్నారు.

ఎద్దుల బండిలో మా పల్లెకు పోతూ సంగతి నేనే చెప్పేశాను. నాయన ఎద్దుల తోకలనే చూస్తూ తోలాడు. తిడతాడని నేను జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"తల తిరగతాది, అంతే కదా," అన్నాడు. "గానుగకు కొత్తగా కట్టిన ఎద్దుకూ తిరగతాది. దాన్ని కసాయోనికి అమ్ముతామా? అలవాటు చేస్తాం."

నేను ఆ మాట ఓదార్పనుకున్నాను. కాదు, అది ఏర్పాటు. పొద్దున్నే అన్నకు కడుపు నిండా సంగటి పెట్టించి, ఖాళీ కడుపుతో ఎవడైనా తిరుగుతాడంటూ చెరుకు తోటలోకి తీసుకుపోయాడు. గానుగకు కట్టిన పొడుగాటి దూలం చివర కూర్చోబెట్టాడు. తల తిరక్కుండా ఎద్దుల కళ్లకు గంతలు కడతారు కదా, అట్లాగే అన్న కళ్లకూ తన తువ్వాలు చుట్టాడు.

"కళ్లకు గంతలు కట్టుకుని విమానం నడుపుతాడా?" అన్నాను.

"ముందు కడుపు నిలవనీ మే. కళ్లు తర్వాత."

"ఎద్దు చదునుగా తిరుగుతుంది నాయనా. విమానం తలకిందులవుతుంది."

"నువ్వెక్కినావా?"

"విమానమా?"

"గానుగ."

నేను దూలానికి రెండడుగులు దూరం జరిగాను.

అన్న చెప్పినట్టే తిరిగాడు. పై అధికారులకు అలవాటుపడ్డ ప్రాణం. సెలవు అయిపోయేదాకా రోజూ తిరిగాడు, ఒక్కసారీ కక్కుకోలేదు. బుగ్గలు నిండాయి. నాయన మీసం కింద నవ్వుకుంటూ నా వైపు చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా పొద్దున్నే తువ్వాలు ఉతికి ఆరేసింది నేనే. నా వాదన ఓడిపోతే బాగుండునని నా జీవితంలో అప్పుడొక్కసారే కోరుకున్నాను.

అన్న మళ్లీ వచ్చేసరికి చెరుకు ఆడటం ఆఖరుకొచ్చింది. ఎగరడం వచ్చినవాళ్లకు జేబు పైన రెక్కల బొమ్మ కుడతారని నాయన ఎవర్నో అడిగి తెలుసుకున్నాడు. రైలు దిగిన అన్న జేబు వైపే నాయన ముందు చూశాడు. తర్వాత మొహం చూశాడు.

"నేల మీద నించి ఇమానాలను దింపించే పని ఇచ్చినారు నాయనా," అన్నాడు అన్న.

టీ బంకు వాళ్లు దండ పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. నాయన వాళ్ల చేతిలోంచి తీసుకుని తనే వేశాడు. "దింపేటోడు లేకుంటే పైనున్నోడు యాడికి పోతాడు? పదప్పా. బెల్లం పాకం దించే టయమైంది."

తోటలో కొప్పెర నిండా పాకం ఉడుకుతోంది. అన్న పెట్టె దించి, ఎవరూ చెప్పకుండానే పోయి దూలం ఎక్కాడు. నాయన తువ్వాలు తీయబోతే, "గంత వద్దు నాయనా, ఊరికే," అన్నాడు. నాయన ఎద్దుల్ని అదిలించాడు. ఏదో చెప్పాలని నేనూ పోయి పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచేలోపే చెట్లు, పొగ, కొప్పెర అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దూకి పిప్పి కుప్ప పక్కన కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

వెనక అన్న నవ్వు వినిపించింది. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు. నాయన నీళ్ల చెంబు తెచ్చిచ్చి, నా వీపు నిమురుతూ, అన్నతో అన్నాడు:

"దీన్ని గానుగక్కూడా కట్టలేమప్పా."