కొలతకి చేయించిన తుపాకీ

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మొగుడు ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది. అమెరికాలో, అరోరా అనే ఊళ్లో మా మొదటి ఏడాది అలాగే గడిచింది. మా ఆయన ఆఫీసులో ఎవరో తెల్లాయన మాట విని జింకల వేటకి పోతానన్నాడు. అదీ పూర్వకాలం వాళ్లలా గొట్టం నోట్లోంచి మందూ గుండూ కూరే తుపాకీతోనేనట. కొట్లో దొరికేది పనికిరాదట, తన ఒంటి కొలతకి చేయించుకోవాలట. పెళ్లిచీర దగ్గర నేను గంటసేపు కూర్చుంటే గడియారం చూసుకున్న మనిషి, ఆ తుపాకీ చెక్క కోసం వేసవంతా కూర్చున్నాడు. వాల్‌నట్ హుందాగా ఉంటుందా, మేపుల్ చారలు బాగుంటాయా అని నన్నే అడిగేవాడు. (నాకు తెలిసిన చెక్కలు రెండే, పీటా, తలుపూ.)

జులైలో తుపాకీలు చేసే ముసలాయన దగ్గరికి పోయాం. ఆయన మా ఆయన మోచేతి నుంచి చూపుడువేలి దాకా టేపు పెట్టి కొలిచి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏమంటాడండీ?"

"వేట రోజు వేసుకునే చలికోటు తొడుక్కుని రమ్మంటాడు. దాని మీద ఆనించి చూసి, తుపాకీకి భుజాన ఆనే కర్ర పొడవు ఖాయం చేస్తాడట. నాకు చలేంటే! ఈ చొక్కా మీదే కొలవమన్నాను."

"పోనీ కోటు తెచ్చుకుని మళ్లీ వద్దాం లెండి."

"ఊరుకో, ఇదేమన్నా జాకెట్టు కుట్టించుకోవడమా?"

గడియారం చూసుకున్నాను.

తుపాకీ వచ్చింది. అందంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ ఆదివారమే మా ఆయన చర్చిలో లేచి, "క్రిస్మస్ విందుకి మాంసం నాది, ఎవరూ కోడి కొనకండి" అని చెప్పేశాడు. పాస్టరమ్మగారు మసాలా కూడా నూరి పెట్టింది. అందుకని వేట రోజున భయపడింది జింక కాదు, మేము.

ఆ పొద్దున మంచు. నేనే ఆయనకి రెండు స్వెటర్లు, వాటి మీద లావుపాటి కోటు తొడిగి, మెడకి మఫ్లరు చుట్టాను. చూడమని నన్నూ తీసుకెళ్లాడు. చెట్టు చాటున కూర్చున్న కాసేపటికి జింక వచ్చి ఎదురుగా నిలబడింది. మా ఆయన తుపాకీ ఎత్తాడు. కర్ర వెళ్లి చంకలో కోటు మడతకి తట్టుకుంది, భుజానికి రాదు.

"పొడవైపోయిందే" అన్నాడు గుసగుసగా.

"ఆ కోటు విప్పండి."

తుపాకీ పక్కన పెట్టి మఫ్లరు విప్పాడు, కోటు విప్పాడు, ఒక స్వెటరు విప్పాడు. రెండోది తలకి ఇరుక్కుంది. జింక అంతా చూసింది. చూడాల్సింది అయిపోయాక నెమ్మదిగా నడిచి వెళ్లిపోయింది.

"ఉందా?" అన్నాడు స్వెటరులోంచి.

"లేదండీ."

"ఎటు పోయింది?"

"ఇంటికి."

విందుకి కోళ్లు మేమే కొన్నాం. వడ్డన దగ్గర ఒకాయన తొడముక్క ఎత్తి చూపించి, "బ్రదర్, ఇక్కడి జింకలకి కాళ్లు రెండేనా?" అని అడిగాడు. "అంతా దేవుడి సృష్టి బ్రదర్" అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండా.

కర్ర కొంచెం కోయిస్తే సరిపోయేది. అంత అందమైన చెక్క కోయించడానికి ఆయనకి మనసు రాలేదు. గోడకి తగిలించాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి చలికాలం, ఆ స్వెటర్లు రెండూ నేనే ఒకదాని మీద ఒకటి వేసుకుని (ఇంట్లో హీటరు బాగానే ఉంది), దుమ్ము తుడుద్దామని తుపాకీ దించి ఒకసారి భుజానికి ఆనించాను. నేను ఆయనకంటే బెత్తెడు పొడుగు, చేతులు కూడా అంతే. చక్కగా కుదిరింది. పాపం ఆ ముసలాయన అన్నీ సరిగ్గానే కొలిచాడు, మనిషినే మార్చి కొలిచాడు. కొలవాల్సింది పక్కనే నిలబడి, ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుంటోంది.